సింగన్నకు వడ్డించని వడియం

ఉల్లి వడియాలు పెట్టిన రోజున చెప్పుకునే కథ ఇది. మా ఇంట్లో ఏటా అలాగే చెప్పుకునేవాళ్ళం. చేతికి మినప్పిండి అంటుకుని ఉండగానే మా నాయనమ్మ మొదలుపెట్టేది, ఆ చేయి కడుక్కునేలోగా ముగించేది. ఆవిడంత పొదుపుగా చెప్పడం నాకు రాదు. దేవుడి దయవల్ల జ్ఞాపకమైతే ఉంది. ఉన్నంత మేర చెబుతాను.

అప్పట్లో మాణిక్యమ్మగారి దొడ్డి అంటే నోరున్న ప్రతి ప్రాణికీ పుట్టిల్లు. గోడవారగా నందివర్ధనం చెట్టు, దాని పక్కన కుడితి గోలెం, నడుమ పేడతో అలికిన వాకిలి, వాకిలి మీదికి వంగిన వేపకొమ్మ. గన్నేరు మాత్రం గోడకు అవతల ఉండేది. పూజకు ఆ పూలు కావాలంటే మాణిక్యమ్మగారు వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళి కోసుకొచ్చేవారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. అయినా ఆ మొక్కను లోపల నాటనిచ్చేవారు కాదు.

ఆ దొడ్లో నందయ్య అనే ముసలి ఎద్దు ఉండేవాడు. దుక్కికి వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయింది. ఎప్పుడైనా ఒంటెద్దు బండి కడితే నెమ్మదిగా నడిచేవాడు, లేదంటే కట్టుకొయ్య దగ్గర నెమరు వేసుకుంటూ పడుకునేవాడు. చిట్టి అనే మేక ఉండేది. దాని నోటికి విశ్రాంతి లేదు. తింటూ ఉండాలి, లేకపోతే మాట్లాడుతూ ఉండాలి. వాకిలికి కాపలా సింగన్న, గోధుమరంగు కుక్క. తొమ్మిది వేసవులుగా వడియాల చాప పక్కన కూర్చున్నాడు. ఒక్క పిట్టను వాలనివ్వలేదు, ఒక్క వడియాన్ని తాను ముట్టలేదు. "నా సింగడుండగా నాకు గొడుగెందుకు, కర్రెందుకు?" అని మాణిక్యమ్మగారు పదిమందిలో అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా సింగన్న తోక నేల మీద టపటపా కొట్టుకునేది.

ఆ ఏడు కూడా ఈతచాప మీద తడిపిన పంచె పరిచి, వరసలు వరసలుగా వడియాలు పెట్టి మాణిక్యమ్మగారు లోపలికి వెళ్ళారు. అటు ఆవిడ వెళ్ళగానే ఇటు గోడ మీద కాకి వాలింది.

"బావా, కులాసాయేనా?"

"అక్కడే ఉండి మాట్లాడు. ఒక్క అడుగు దిగావో, ఈకలు లెక్కపెట్టుకోవలసి ఉంటుంది."

"దిగనులే. నాకు తద్దినం విస్తరి ఉండగా ఈ పచ్చిపిండి మీద ఆశేమిటి? నీ గురించే బాధ. తొమ్మిదేళ్ళు కాపలా కాశావు గదా, నీకు ఒక్క ఉల్లి వడియమైనా పెట్టారా?"

"పెరుగన్నం పెడతారు. రొట్టె పెడతారు. గుమ్మడికాయ ముక్కలు ఉడకబెట్టి పెడతారు."

"నేనడిగింది అది కాదే!"

సింగన్న చాపకేసి చూశాడు.

"పోనీ, శ్రీరామనవమి నాటి పరమాన్నం పెట్టారా?"

"పెట్టారు."

"అందులో కిస్‌మిస్ పళ్ళు?"

"... ఏరేసి పెట్టారు."

"పప్పుచారులో వెల్లుల్లి?"

"అదీ ఏరేశారు."

"పట్నం నుంచి వచ్చిన పిల్లలు నీకు చాక్లెట్టు ముక్క ఇవ్వబోయారు గదా, అదేమైంది?"

"అమ్మ లాక్కుంది. వాళ్ళ చేతి మీద ఒకటి వేసింది కూడా."

కాకి ముక్కు గోడకు రాసుకుంటూ నిట్టూర్చింది. "చూశావా! మంచివన్నీ ఏరేశాక మిగిలిందే నీ భోజనం. నన్ను చూడు. తద్దినం నాడు మొదటి ముద్ద నాది. నేను ముట్టేదాకా ఇంటిల్లిపాదీ పస్తు. ఆ ఇంటి అల్లుడు ఆకలితో నకనకలాడుతూ 'కాకిగారూ, కాకిగారూ' అని పిలుస్తాడు. నేనేమో కావాలనే కాసేపు కొమ్మ మీద కూర్చుంటాను. అదీ మర్యాదంటే! నువ్వు కాపలా కాస్తున్నది నీకు తగదన్న తిండికి బావా."

అటుగా వచ్చిన చిట్టి నోట్లో ఉల్లిపొట్టు ఉంది. "ఏమిటన్నా, మొహం అలా పెట్టావు? ఈ ఉల్లిపొట్టు తిను, ఎంత బాగుందో! అమ్మ నాకు చాటతో పోసింది."

"నీకు చాటతో పోసిందా?"

"పోసింది. నిన్న జిల్లేడాకు కూడా రుచి చూశాను. చేదనుకో, కానీ బాగుంది."

మేకకు చాటతో పోసింది తనకు చిటికెడు కూడా లేకపోవడం సింగన్నకు గుచ్చుకుంది. లేచి నందయ్య దగ్గరికి వెళ్ళాడు.

"తాతా, ఉల్లి నేను తినకూడదా?"

నందయ్య నెమరు ఆపాడు. అతను నెమరు ఆపడం అరుదు. "తినకు నాయనా."

"ఎందుకని?"

"అమ్మ వద్దంది గనక."

"అమ్మ ఎందుకు వద్దంది?"

నందయ్య కళ్ళు గోడకేసి తిరిగాయి. కాసేపటికి మళ్ళీ దవడ కదిలింది. "కొన్ని చెప్పుకునేవి కావురా."

గోడ మీద కాకి పకపకా నవ్వింది. "కారణం ఉంటే చెప్పడూ? లేదు గనకే నెమరేస్తున్నాడు. ఆవిడ తానూ తినదు, నీకూ పెట్టదు. ఆవిడ ఉల్లి ముట్టగా ఎప్పుడైనా చూశావా?"

నిజమే, సింగన్న చూడలేదు. ఇంట్లో అందరికీ వండేవారు, తాను మాత్రం ముట్టేవారు కాదు. కాశీ వెళ్ళినప్పుడు ఇష్టమైనదేదో ఒకటి గంగ ఒడ్డున వదిలేసి రావడం ఆచారం కదా. ఒకరు కాకరకాయ వదిలేస్తారు, కాస్త తెలివైనవాళ్ళు తమకు ముందే నచ్చనిది వదిలేస్తారు. మాణిక్యమ్మగారు ఉల్లిని వదిలేశారు. ఉల్లిపులుసు లేనిదే ముద్ద దిగని మనిషి ఉల్లినే ఎందుకు వదిలారని తోడికోడళ్ళు అడిగితే, "దేవుడడిగాడు" అని ఊరుకున్నారు.

ఆ మధ్యాహ్నం సింగన్న చాప చివరి వరస నుంచి మూడు వడియాలు తిన్నాడు. పొట్టలో ఏదో అవుతుందని ఎదురుచూశాడు. ఏమీ కాలేదు. సాయంత్రం అమ్మ పెట్టిన పెరుగన్నం మామూలుగానే తిన్నాడు.

మర్నాడు కాకి పొద్దున్నే హాజరు. "పొట్టనొప్పా?"

"లేదు."

"కళ్ళు తిరిగాయా?"

"లేదు."

"చూశావా మరి! మీ తాత మాటలు నమ్మి ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నావు."

ఆ రోజు పన్నెండు తిన్నాడు. ఎండిన కొద్దీ రుచి పెరిగింది. మూడో రోజుకి లెక్క తప్పింది. మిగిలినవాటిని ముట్టెతో జరిపి ఖాళీలు కనబడకుండా సర్దాడు. సాయంత్రం చాప తీస్తూ మాణిక్యమ్మగారు, "ఈసారి ఎండ గట్టిగా ఉందే! వడియాలు మరీ కుంచించుకుపోయాయి," అన్నారు. అనుమానం ఇసుమంతైనా లేదు. పైగా సింగన్న తల నిమిరి, "పాపం, రోజంతా ఎండలో ఉంటాడు," అని రాగిచెంబుతో నీళ్ళు పోశారు.

ఆ నీళ్ళు సింగన్నకు గొంతు దిగలేదు. తప్పు చేసినందుకనుకున్నాడు. అది ఒక్కటే కాదని తెల్లారేసరికి తెలిసింది.

నాలుగో రోజు లేవబోతే కాళ్ళు నిలవలేదు. నాలుగడుగులు వేస్తే నాలుగు మైళ్ళు పరుగెత్తినట్టు ఆయాసం. మొరగబోతే గాలి వచ్చింది, గొంతు రాలేదు. నందివర్ధనం మొదట్లో కాలెత్తితే, పడ్డ నీళ్ళు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉన్నాయి.

మాణిక్యమ్మగారు ఎండదెబ్బ అనుకున్నారు. నీడలో గోనెపట్టా తడిపి పరిచి పడుకోబెట్టారు. నుదుట విభూతి పెట్టి, "నా తండ్రీ, కాస్త ఎండ తగ్గనీ," అని వడియాల చాపను అతని పక్కకు, వేపకొమ్మ కిందికి జరిపారు. ఆ రోజు ఏకాదశి. ఆవిడకు ఉపవాసం. మధ్యాహ్నానికి వంటింటి గడప మీద తలవాల్చి నిద్రపోయారు. మిగిలిన పెద్దవాళ్ళు భోజనాలు చేసి లోపల నడుం వాల్చారు.

ఆ ఎర్రటి తడి నందయ్య కంట పడింది. పడుకున్నవాడు లేచి నిలబడ్డాడు.

"ఒరే సింగన్నా, ఉల్లి తిన్నావా?"

సింగన్న కళ్ళు మూసుకున్నాడు. "మూడు రోజులు తాతా. మొదటిరోజు ఏమీ కాలేదు. అందుకే..."

"వెంటనే కాదురా. అదే దాని మాయ. రోజులు గడిచాక లోపల రక్తాన్ని విరిచేస్తుంది. మేక తింటే దానికి చెల్లింది, నీ జాతికి చెల్లదు. మీ అమ్మ చుక్క కూడా ఇలాగే..."

"మా అమ్మ జ్వరంతో పోయిందన్నావుగా?"

నందయ్య తల సింగన్న వైపు వంచాడు. "అప్పుడు ఈ ఇంట్లో పెళ్ళి జరిగింది. మూడు రోజులు విందు. నువ్వింకా కళ్ళు తెరవలేదు. పాలిచ్చే తల్లి అని మాణిక్యమ్మ ప్రేమకొద్దీ మీ అమ్మకు ఉల్లిపులుసు కలిపిన అన్నం ముద్దలు చేసి తన చేత్తో తినిపించింది. ఆ చేయి పెట్టింది గనక మీ అమ్మ వద్దనలేదు. నాలుగో రోజుకి నీలాగే పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చేసరికే ఆలస్యమైంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు, గన్నేరాకు, ఏవేవి మీకు విషమో ఆయన అప్పుడు చెప్పాడు. ఆ రాత్రి మాణిక్యమ్మ నా మెడ పట్టుకుని ఏడ్చింది. నీకు దూదితో పాలు పట్టి పెంచింది. మరుసటేడు కాశీ వెళ్ళి ఉల్లి వదిలేసి వచ్చింది. ఆవిడ దేవుడడిగాడని ఎవరికి చెప్పినా, అడిగింది ఎవరో నాకు తెలుసు."

సింగన్న నెమ్మదిగా, "ముందే ఎందుకు చెప్పలేదు తాతా?" అన్నాడు.

"ఆవిడ చేతి మీదుగా జరిగిందని నీతో అనడానికి నోరు రాలేదు. ఆవిడను నువ్వు వేరుగా చూస్తావేమోనని భయపడ్డాను. తప్పు నాదే నాయనా."

"అమ్మను పిలువు తాతా. నాకు బతకాలని ఉంది. ఆవిడకు ఇది రెండోసారి కాకూడదు."

నందయ్య గొంతెత్తి అరిచాడు. మూడుసార్లు అరిచాడు. లోపలి నుంచి నిద్రమత్తులో, "ఉండు నాన్నా, కుడితి తెస్తా," అన్న మాట వచ్చి ఆగిపోయింది. చిట్టి మే మే అని అరిచింది. మేక అరుపు ఎవరికి లెక్క! అది పొద్దస్తమానం అరుస్తూనే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే కాకి దిగింది, గోడ మీదికి కాదు, నేరుగా చాప మీదికి. గలగలా ఎండిన వడియాలు, పక్కనే లేవలేని కాపలాదారు. నాలుగు రోజుల ఓపిక ఫలించింది.

"ఏం బావా, కులాసాయేనా?" అని గుసగుసగా అడిగి ఒక వడియం పొడిచింది.

"దొంగా!" అంది చిట్టి.

"ష్... గట్టిగా అనకు. గట్టిగా అంటే మావాళ్ళు నలభైమంది దిగుతారు. నాకు ఒక్క ముక్క మిగలదు."

ఆ మాట నందయ్య చెవిన పడింది. అతను నిదానస్తుడు. పరుగెత్తలేడు, పొడవలేడు, కట్టుతాడు పొట్టిది. కానీ పదిహేనేళ్ళుగా ఆ వాకిట్లో కాకుల్ని చూస్తున్నాడు. ఒక్క మెతుకు దొరికినా తనవాళ్ళను పిలవకుండా తిన్న కాకికి తర్వాత ఏమవుతుందో కూడా చూశాడు. మాణిక్యమ్మగారి సంగతీ తెలుసు. వాకిట్లో కాకులు గోలపెడితే ఆవిడ ఎంత నిద్రలో ఉన్నా లేస్తారు. చుట్టాలొస్తున్నారని వీధి తలుపు తీస్తారు, ఎసట్లో మరో గిద్దెడు బియ్యం పోస్తారు.

"తిను అల్లుడూ, తిను. కట్టేసినవాణ్ణి, నేనేం అడ్డం రాగలను?" అన్నాడు నందయ్య మెల్లగా. "ఒక్క మాట. ఆ వేపకొమ్మ చివర నల్లగా ఊగుతున్నది ఏమిటి? నాకు చూపు ఆనదు. మీ మేనత్తగారేమో?"

కాకి ముక్కులో వడియం అలాగే ఆగింది. "ఎక్కడ?"

"ఆకుల చాటున. ఇందాకటి నుంచీ ఇటే చూస్తున్నట్టుంది. కాదులే, కాకపోవచ్చు. అయితే మాత్రం, నువ్వు ఒంటరిగా తింటున్నావని ఎవరికైనా చెబుతుందా ఏమిటి!"

కొమ్మ చివర చిక్కుకున్నది సంక్రాంతి నాటి గాలిపటం తాలూకు నల్లకాగితం. నందయ్య అబద్ధమాడలేదు, అడిగాడంతే. కాకికి మాత్రం నిరుడు ఒంటరిగా అప్పడం తిన్న పినతండ్రి కొడుకు నెత్తి మీద ఈక లేకుండా పోయిన సంగతి గుర్తొచ్చింది. ముక్కులోది జారవిడిచి, తాను ఇప్పుడే దిగినట్టు రెక్కలు దులుపుకుని, మెడ చాచి అరిచింది.

"కావ్! కావ్! రండి రండి! మీకోసమే కాపలా కాస్తున్నా! కావ్!"

నలభై కాకులు దిగినట్టు లేదు, ఆకాశమే నల్లబడి దిగినట్టుంది. చాప కనబడలేదు. గోలకు గోడలు అదిరాయి.

మాణిక్యమ్మగారు చీపురు పుచ్చుకుని బయటికి వచ్చారు. వాకిట్లో అడుగుపెట్టి ఆగిపోయారు. చాప మీద కాకులున్నాయి. పక్కనే సింగడున్నాడు. సింగడు లేవలేదు. తొమ్మిదేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

చీపురు కిందపడింది. ఆవిడ వడియాలు తొక్కుకుంటూ వెళ్ళి కుక్క పక్కన కూలబడ్డారు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు గోడసున్నంలా ఉన్నాయి. పంటి సందున ఎండిన ఉల్లిముక్క.

"అయ్యో, చుక్కా! నా తల్లీ!" అన్నారావిడ. కొడుకును చూస్తూ తల్లి పేరు పిలిచారు. ఆ సంగతి ఆవిడకు తెలియలేదు.

మరిది శేషాద్రిగారు పరుగెత్తుకొచ్చి ఒంటెద్దు బండి దించారు. "ఈ ముసలాడు పక్క ఊరికి ఎప్పటికి చేరతాడు వదినా?" అంటూనే కాడి ఎత్తారు. కట్టు విప్పగానే నందయ్య తానే వచ్చి మెడ పెట్టాడు. ఆ మధ్యాహ్నం రోడ్డు మీద అతని పరుగు చూసినవాళ్ళు, అది కోడెగిత్త అనుకున్నారట. బండిలో ఒళ్ళో కుక్క తల పెట్టుకుని, ఉపవాసంతో, చెప్పుల్లేని కాళ్ళతో మాణిక్యమ్మగారు నారాయణ నామం జపిస్తూ కూర్చున్నారు.

పశువుల ఆసుపత్రి డాక్టరు కంటిరెప్ప తిప్పి చూశాడు. "ఎండబెట్టిన ఉల్లి మరీ ప్రమాదం అమ్మా. ఇంకొక్క రోజు ఇంటి దగ్గరే ఉంచి ఉంటే నేను చేయగలిగింది లేదు," అని సెలైను ఎక్కించాడు. ఆరు రోజులు అక్కడే ఉంచారు. ఏడోరోజు సింగన్న తన కాళ్ళ మీద తాను నిలబడి బండి ఎక్కాడు.

కాకి సంగతి కూడా చెప్పాలి. నలభైమంది కలిసి చాపను నిమిషంలో ఊడ్చేశారు. పిలిచినవాడికి మిగిలింది ఖాళీ పంచె. అంతలో పెద్దకాకి దగ్గరికొచ్చి తల పక్కకు వంచి చూసింది.

"అబ్బాయీ, అందరికంటే ముందు పిలిచావు, సంతోషం. మరి పిలవకముందే నీ ముక్కుకు మినప్పిండి ఎలా అంటింది?"

కాకి ముక్కు రెక్క కింద దాచుకోబోయింది. నలభై ముక్కులు ఒక్కసారి తిరిగాయి. ఆ తర్వాత చాలాకాలం ఏ ఇంటి తద్దినానికీ ఆ కాకి మొదటి ముద్దకు నోచుకోలేదు. అందరూ తిన్నాక, ఆకు ఎత్తేసే ముందు వచ్చేది.

వర్షాలు మొదలయ్యాక ఒకనాడు అది నెత్తిన ఈకలు లేకుండా మళ్ళీ గోడ మీద వాలింది. సింగన్న భోజనం చేస్తున్నాడు.

"ఏం బావా," అంది పాత అలవాటు కొద్దీ, "ఇవాళ నీ అన్నంలోంచి ఏం ఏరేశారు?"

సింగన్న తల ఎత్తకుండానే చెప్పాడు. "నా చావు ఏరేశారు. నీకేమైనా కావాలా?"

కాకి కాసేపు అటూ ఇటూ చూసి, ఏదో పనున్నట్టు ఎగిరిపోయింది.

మన ఆకులో వడ్డించినది ఒక్కటే కాదు, మన ఆకులోంచి ఏరి తీసేసినదీ ప్రేమే.